క్లౌ దొరగారూ, పేరయ్యగారూ



మన కూడికకు కొత్తగా ఒక తెలుగు కుటుంబం వస్తే మనం మొదట ఏమి అడుగుతాం? మీది ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి అని. పైకి అది పలకరింపే. కానీ ఆ రెండు ప్రశ్నలతో ఇంకేదో ఆరా తీస్తున్నామని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఈ నెల జాన్ ఎవరెట్ క్లౌ గారిని మీకు జ్ఞాపకం చేస్తున్నాను. మీలో కొందరి తాతముత్తాతలకు సువార్త ఆయన కాలంలోనే అందింది.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని చేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అక్కరకు వస్తుంది. 1865లో భార్య హేరియట్ గారితో మన దేశం వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టారు.

అప్పటికే దేవుడు అక్కడ ఒక మనిషిని సిద్ధపరచి ఉంచాడు. ఆయన యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. సత్యం కోసం గురువుల వెంట తిరిగి యోగం అభ్యసించినవాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. దొరగారు వెళ్ళి పేరయ్యను వెదికారని మనం చెప్పుకుంటాం గానీ, నన్నడిగితే పేరయ్యే ముందు వెదికాడు.

ఇక్కడ చిక్కు వచ్చింది. ఒంగోలులో పై కులాలవారు కొందరు క్లౌ గారి బోధ విని ఇష్టపడుతున్నారు. మాలమాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామని వారు తేల్చి చెప్పారు. ఏ మిషనెరీకైనా ఇది చిన్న శోధన కాదు. చదువుకున్నవారు ముందు వస్తే మిగిలినవారు వెనుక వస్తారనే ఆశ ఆయనకూ ఉండేది. దిగులుతో బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని పౌలు చెప్పే భాగం అది. పక్క గదిలో హేరియట్ గారు తెరిచిన బైబిలులోనూ అదే భాగం. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకొని ఆశ్చర్యపోయారు. ఆ పైన వెనుకాడలేదు. పై కులాలవారు వెళ్ళిపోయారు.

1867 జనవరిలో ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో ఆయన పేరయ్య ఊరు తాళ్ళకొండపాడు వెళ్ళారు. చుట్టుపక్కల పల్లెల వారు అన్నం మూటలు కట్టుకొని వచ్చి, రోజుల తరబడి ఉండి వాక్యం విన్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. వారు ఆదివారం పని మానితే, జాతరలో డప్పు కొట్టమంటే ఊరి పెద్దలు పగబట్టారు. బావుల దగ్గరకు రానివ్వలేదు.

1876లో గొప్ప కరువు మొదలైంది. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే క్లౌ గారు మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకున్నారు. పాత సర్వే పని అక్కడ పనికివచ్చింది. ఆకలితో వచ్చినవారికి కూలి దొరికింది, తిట్లు లేకుండా మనిషిగా పిలిచే మేస్త్రీలు దొరికారు. ఆ మేస్త్రీలు ఆయన బోధకులే. బాప్తిస్మం అడిగినవారికి మాత్రం ఆయన ఇవ్వలేదు. గంజి కోసం కలిశారన్న మాట వారి మీద పడకూడదని సుమారు పదిహేను నెలలు ఆపారు. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు ఇదే పెద్దదిగా కనబడుతుంది.

సాయం ఆగిపోయిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఏడాది ముగిసేలోగా లెక్క 9,606కు చేరింది.

అన్ని గోడలూ కూలిపోయాయని మాత్రం చెప్పలేను. మాలలు ఒక గుడికి, మాదిగలు ఒక గుడికి వెళ్ళే ఊళ్ళు తరువాత కూడా ఉన్నాయి. విమానమెక్కి వచ్చినా మనం ఆ గోడల ఇటుకలు కొన్ని సామానుతో పాటు తెచ్చుకున్నాం.

క్లౌ గారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. ఒంగోలులో క్లౌపేట ఆయన పేరు మీదనే ఉంది. ఈసారి సెలవులకు వెళ్ళి ఆ దారిన ప్రయాణం చేస్తే, గుండ్లకమ్మ వంతెన మీద కారు కాస్త నెమ్మదిగా పోనిచ్చి పిల్లలకు ఆ నది చూపించండి. మీ ముత్తవ్వ ఆ రోజు ఆ నీళ్ళలో దిగి ఉండవచ్చు.