మాటకు తాళపుచెవి: చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో అర్జీ, హాజరు, రసీదు, జామీను అన్న మాటలు ఉర్దూవో తెలుగువో ఎవరూ విచారించరు. రెండు భాషలూ ఇరుగుపొరుగుగా పెరిగిన సీమ ఇది. ఇట్టి మాటలకు నిఘంటువులో పీట వేసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. 1817లో మద్రాసు చేరి, ఈస్టిండియా కంపెనీ కొలువులో తెలుగు అభ్యసించి, 1820లో కడపకు వచ్చారు. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో కడపతోపాటు మన ప్రాంతమూ చేరి ఉన్నది. ఆనాటి కచేరీలలో పారసీక పదాలు, రైతుల నోట వాడుక తెలుగు, పండితుల వద్ద కావ్యభాష నడిచేవి. అర్జీలోని ఒక్క మాట అపార్థమైతే రైతు భూమికే ముప్పు వాటిల్లేది.

అమరకోశం వంటి ప్రాచీన నిఘంటువులు శ్లోకాలలో, అర్థాల వర్గాలుగా కూర్చబడినవి. కంఠస్థం చేసినవారికే అవి ఉపకరించేవి. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను అకారాది క్రమంలో రచించి కొత్త దారి చూపారు. బ్రౌన్ ఆ దారినే విస్తరించారు. స్వంత ధనంతో పండితులను పోషించి, తాళపత్రాలకు శుద్ధప్రతులు వ్రాయించారు. 1829లో వేమన పద్యాలను, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. కచేరీ పదాలకై అదే సంవత్సరం రోమన్ లిపిలో ‘జిల్లా నిఘంటువు’ను, 1854లో అన్యదేశ్యాలకై ‘మిశ్రభాషా నిఘంటువు’ను వెలువరించారు.

నేటి పైథాన్ అనే కంప్యూటర్ భాషలోనూ ‘డిక్షనరీ’ అనే అమరిక ఉన్నది. అందులో ప్రతి విలువకూ ఒక ‘కీ’ ఉంటుంది. మనం అక్షరక్రమంలో పుటలు త్రిప్పి వెదకుతాము. యంత్రం ఆ కీ నుండి స్థానాన్ని గణించి నేరుగా అక్కడికే పోతుంది. కాని ‘చెట్టు’ అని దాచి ‘చెట్లకు’ అని అడిగితే దానికి దొరకదు. దోషమని చెప్పి ఆగిపోతుంది. లేదా ముందుగా మనం నిర్ణయించిన బదులు విలువను ఇస్తుంది. విలువ లోపలనే ఉన్నా, సరియైన కీ లేనివానికి అది లేనట్లే. అందుకే, అడిగేవాడు ఏ రూపంతో, ఏ లిపితో వస్తాడో ముందే ఆలోచించిన బ్రౌన్ దూరదృష్టి నేటికీ పాఠమే.

విశ్రాంత జీవితంలో ఆయన లండన్‌లో తెలుగు ఆచార్యులుగా ఉండి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. విద్యార్థి మిత్రులారా! విజ్ఞానాన్ని కూడబెట్టడమే చాలదు; సామాన్యుని చేతికి అందే తాళపుచెవిని కూడా మనమే సిద్ధం చేయాలి.