పందిని ఎత్తుకొచ్చిన కుర్రవాడు - రాబర్ట్ నాయిస్

పిల్లలూ! మైక్రోవేవ్ మీద సెకన్లు లెక్కపెట్టే అంకెలు రోజూ చూస్తారు కదా! ఆ లెక్క చేసేది లోపలున్న సిలికాన్ చిప్పు. అలాంటి చిప్పుల తయారీకి దారి చూపినవారిలో ముఖ్యుడు రాబర్ట్ నాయిస్.

ఆయన 1927 డిసెంబరు 12న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. నలుగురు అన్నదమ్ముల్లో ఈయన మూడోవాడు. పన్నెండేళ్ళప్పుడే సోదరుడితో కలిసి గ్లైడర్ తయారుచేసి, దానితో కప్పు మీదినుంచి దూకిన ఘనుడు!

గ్రినెల్ కాలేజీలో చదువుతుండగా, 1948లో, హాస్టల్ విందు కోసం ఒక రైతు పందిని ఎత్తుకొచ్చారు. వ్యవసాయమే బతుకైన అయోవాలో అది మన పల్లెల్లో పాడిగేదెను తోలుకుపోవడం లాంటిది. మర్నాడు తానే వెళ్ళి తప్పు ఒప్పుకుని, డబ్బు కడతానన్నారు. అయినా వ్యవహారం కోర్టుదాకా వెళ్ళేదే. ఫిజిక్స్ మాస్టారు గ్రాంట్ గేల్ అడ్డుపడటంతో ఒక సెమిస్టరు సస్పెన్షన్‌తో బయటపడ్డారు. ఆ మాస్టారే అప్పటికి కొత్తవింత అయిన ట్రాన్సిస్టర్ గురించి ఆయనకు చెప్పారు. జీవితం అటే తిరిగింది.

1953లో ఎమ్ఐటీలో డాక్టరేట్ వచ్చింది. కాలిఫోర్నియాలో షాక్లీ దగ్గర చేరి, ఆయన పద్ధతి నచ్చక 1957లో మరో ఏడుగురితో బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ స్థాపించారు. 1958లో జాక్ కిల్బీ ఒకే ముక్క మీద సర్క్యూట్ చేసి చూపించారు. కానీ భాగాలను సన్నని తీగలతో కలపాల్సి వచ్చేది. సిలికాన్ పైన ఆక్సైడ్ పొర, దాని మీద అల్యూమినియం గీతలు వేస్తే తీగలే అక్కర్లేదని 1959లో నాయిస్ ఆలోచించారు. 1960లో జే లాస్ట్ బృందం ఆ పద్ధతిలో తయారుచేసిన మొదటి సర్క్యూట్ ఏమిటో తెలుసా? ఫ్లిప్‌ఫ్లాప్!

ఫ్లిప్‌ఫ్లాప్ అంటే 0 లేదా 1 గుర్తుంచుకునేది. ఒక్కో పల్స్‌కు అటూ ఇటూ మారేలా అమర్చి, ఒకదాని అవుట్‌పుట్‌ను తర్వాతిదానికి పల్స్‌గా ఇస్తూ పోతే లెక్కపెట్టే యంత్రం తయారవుతుంది. నాలుగింటితో 0 నుంచి 15 దాకా వస్తుంది. అన్నీ ఒకేసారి మారవు, వరుసలో నిలబడి బిందెలు అందించుకున్నట్టు మార్పు ముందుకు పాకుతుంది. అందుకే 7 నుంచి 8కి వెళ్ళేటప్పుడు రెప్పపాటులో వెయ్యో వంతుకన్నా తక్కువసేపు 6, 4, 0 అనే తప్పుడు అంకెలు వచ్చిపోతాయి! తర్వాత వచ్చిన 7493 చిప్పు ఈ నాలుగింటినీ ఒకేచోట పెట్టుకుంది. పెద్దవాళ్ళ సాయంతో మీరూ దీన్ని బ్రెడ్‌బోర్డు మీద చేసి చూడవచ్చు. ఒక్కొక్క అవుట్‌పుట్‌కు ఒక చిన్న ఎల్‌ఈడీ పెడితే సరి.

నాయిస్ 1968లో గోర్డన్ మూర్‌తో కలిసి ఇంటెల్ స్థాపించారు. 1990 జూన్ 3న, 62 ఏళ్ళకే, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో గుండెపోటుతో చనిపోయారు. కిల్బీకి నోబెల్ 2000లో వచ్చింది. చనిపోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు.