చిత్రకళాతపస్వి హొకుసాయి

జపాను దేశమున ఫ్యూజీ యను పర్వతము కలదు. శిఖరమున మంచు ధరించి ఒంటిగా నిలిచియుండు ఆ పర్వతమును జపానీయులు పరమపవిత్రముగా భావింతురు. దానిని పలు తావులనుండి, పలు ఋతువులలో చిత్రించి లోకమునకు చూపిన మహాచిత్రకారుడు హొకుసాయి.

ఆయన 1760వ సంవత్సరమున ఎడో నగరమున జన్మించెను. నేటి టోక్యో నగరమునకే నాడు ఎడో యని పేరు. ఆ కాలమున జపానును షోగునులను సేనాధిపతులు పాలించుచుండిరి. ఐరోపావారిలో డచ్చివారికి మాత్రమే, అదియు నాగసాకి రేవున మాత్రమే, వర్తకము చేసికొనుటకు అనుమతి యుండెను. దేశమున చిరకాలము శాంతి నెలకొనియుండుటచే ఎడో నగరము మిక్కిలి పెరిగెను. అచ్చటి వర్తకులును పనివారును చిత్రములన్న ప్రీతి కలవారు. కాని ప్రభువుల మందిరములలోని విలువగల చిత్రములు వారికి అందునవి కావు. కావున వారు కొయ్యపలకలతో అచ్చొత్తిన చౌక చిత్రములను కొనుచుండిరి.

అట్టి చిత్రము ఒక్కని చేతిపని కాదు. చిత్రకారుడు పలుచని కాగితముపై బొమ్మ గీయును. చెక్కుడుపనివాడు దానిని కొయ్యపలకపై బోర్లించి అతికించి, గీతలు మాత్రము మిగులునట్లు చెక్కును. అందుచే చిత్రకారుడు గీసిన మూలచిత్రము నశించును. పిమ్మట రంగులకు వేరువేరుగా పలకలు చెక్కుదురు. అచ్చుపనివాడు ఆ పలకలపై రంగులద్ది, కాగితము పరచి ఒత్తి తీయును. ప్రచురణకర్త పెట్టుబడి పెట్టి ఆ చిత్రములను విక్రయించును.

అద్దములు చేయు కుటుంబమున పెరిగిన హొకుసాయి ఆరవ యేటినుండియే బొమ్మలు గీయుచుండెను. సుమారు పదునాలుగేండ్ల ప్రాయమున కొయ్యపలకలు చెక్కు పని నేర్చెను. తరువాత షున్షో యను ప్రసిద్ధ చిత్రకారుని శిష్యుడై నాటకములలోని నటుల చిత్రములు గీయసాగెను. గురువు మరణించిన కొంతకాలమునకు ఆ శాఖను వీడి తన త్రోవను తాను వెదకికొనెను. ఆ దినములలో పూట గడచుట కష్టమై వీథులలో మిరపకాయలును పంచాంగములును అమ్మెనని చెప్పుదురు. అయినను అభ్యాసము మానలేదు. చైనా చిత్రములను పరిశీలించెను. డచ్చివారి మూలమున వచ్చిన ఐరోపా చిత్రములను చూచి, దూరపు వస్తువులను చిన్నవిగా చూపు పద్ధతిని గ్రహించెను. కళలో క్రొత్త మెట్టు ఎక్కినప్పుడెల్ల పాత పేరు విడిచి క్రొత్త పేరు ధరించుచుండెడివాడు. అట్లు ముప్పదికి పైగా పేర్లు మార్చెను. ఇండ్లు తొంబదిమూడు మారులు మార్చెనని ప్రతీతి.

1814వ సంవత్సరమున ఆయన ‘మాంగా’ యను చిత్రసంపుటముల ప్రచురణ మొదలయ్యెను. చిత్రకళ నేర్చుకొనువారికి ఉపకరించు ఈ సంపుటములు మొత్తము పదునైదు. పొలము దున్ను రైతులు, మల్లులు, చేపలు, పురుగులు, గాలివానకు పరుగెత్తు బాటసారులు మున్నగు వేలకొలది బొమ్మలు వానిలో కలవు.

వార్ధక్యమున ఆయనను కష్టములు చుట్టుముట్టెను. 1827వ సంవత్సర ప్రాంతమున పక్షవాతము సోకెను. మరుసటి యేడు భార్య మరణించెను. మనుమడు చేసిన అప్పులు తీర్చవలసి వచ్చెను. ఇతరులు పని చాలించి విశ్రాంతి కోరు ఆ వయస్సుననే ఆయన తన మహాకార్యమునకు పూనుకొనెను. అదియే ‘ఫ్యూజీ పర్వతపు ముప్పదియారు దృశ్యములు’ అను చిత్రమాల. ప్రజలు విశేషముగా ఆదరించుటచే మరి పది చిత్రములు చేర్చవలసి వచ్చెను. అందు ‘మహాతరంగము’ జగత్ప్రసిద్ధము. పెద్ద కెరటమొకటి గోళ్లవంటి నురుగుతో మూడు పడవలపై విరుచుకొనిపడుచుండును. పడవవారు వంగి ప్రాణములు అరచేత బట్టుకొనియుందురు. ఆ కెరటముల నడుమ దూరమున ఫ్యూజీ పర్వతము చిన్నదై, నిశ్చలమై కనిపించును. ఐరోపానుండి వచ్చిన క్రొత్త నీలిరంగు ఆ సముద్రమునకు గాఢమైన శోభ నిచ్చెను.

ఇంత కీర్తి వచ్చినను ఆయన తృప్తి చెందలేదు. డెబ్బది యేండ్లకు పూర్వము తాను గీసినదేదియు లెక్కింపదగినది కాదని 1834లో ఒక గ్రంథమున వ్రాసికొనెను. 1839లో ఇల్లు కాలిపోయి, ఏండ్ల తరబడి కూడబెట్టిన చిత్తుబొమ్మలు భస్మమయ్యెను. ఆ వృద్ధుడు క్రుంగిపోక మరల కుంచె చేపట్టెను. కుమార్తె ఓయి తానును మంచి చిత్రకారిణియై తండ్రికి తోడుగా నిలిచెను. 1842, 43 సంవత్సరములలో ఎనుబదియేండ్లు దాటిన ఆయన కీడు తొలగుటకై ప్రతిదినము ఉదయమున ఒక సింహపు బొమ్మ గీయుచుండెను. వానిలో రెండువందలకు పైగా నేటికిని నిలిచియున్నవి.

1849వ సంవత్సరమున హొకుసాయి మరణించెను. మరి అయిదేండ్లు ఆయువు లభించినచో నిజమైన చిత్రకారుడ నగుదును గదా యని తుదిఘడియలలో చింతించెనని చెప్పుదురు.

కొలదికాలమునకే జపాను ఇతరదేశములకు తలుపులు తెరచెను. ఎడో వీథులలో చౌకగా అమ్ముడుపోయిన చిత్రములు ఐరోపాకు చేరి వాన్ గో, మోనే మొదలగు చిత్రకారులను ముగ్ధులను చేసెను. 2024లో జపాను ప్రభుత్వము విడుదల చేసిన వేయి యెన్నుల నోటుపై ‘మహాతరంగము’ ముద్రింపబడెను. లోకము గొప్ప గురువని కొనియాడిన ఆ మహనీయుడు మాత్రము తుదివరకు తన్ను తాను విద్యార్థిగనే ఎంచుకొనెను.