చార్మినార్‌ను రూపాయిపైకి ఎక్కించిన మహబూబ్ పాదుషా

మహేశ్వరం: పాత పెట్టెల అడుగున, తండాల్లో ముసలమ్మల మెడలో నేటికీ అక్కడక్కడ కనిపించే చార్మినార్ బొమ్మ వెండి రూపాయికి ఆద్యుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. 1866 ఆగస్టులో హైదరాబాదులో జన్మించారు. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించేనాటికి ఆయనకు రెండున్నరేళ్లు. సాలార్‌జంగ్ మొదలైన పెద్దలు రాజ్యభారం వహించగా, 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ ప్రభువు సమక్షంలో పూర్తి అధికారాలు స్వీకరించారు.

అప్పటికి రూపాయిలను సమ్మెటతో కొట్టేవారు. 1803లో సుల్తాన్‌షాహీలో వెలసిన టంకశాలలో ఇదే పద్ధతి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందువల్ల ఆ నాణేలపై అక్షరాలు సగంలో తెగిపోయి ఉంటాయి. ఇది ముద్రణ దోషం కాదు, ఆనాటి రివాజే. షరాబులు వెండి పరీక్షకు పెట్టిన గాట్లు కూడా టంకశాల తప్పులు కావు. అయినా ఇలాంటి వాటినే అరుదైన తప్పు నాణేలని చెప్పి అమాయకులకు అంటగట్టేవారు లేకపోలేదు.

1903లో టంకశాల సైఫాబాదుకు మారింది. యంత్రాలతో చార్మినార్ రూపాయి వెలువడింది. బరువు సుమారు 11.2 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. చార్మినార్ ద్వారంలో ఉన్న చిన్న అక్షరం మీమ్, అంటే మహబూబ్ పేరులోని మొదటి అక్షరం. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అక్కడికి ఐన్ వచ్చింది. ఉస్మాన్ తొలి నాణేలలో ఈ ఐన్ సగమే కనిపిస్తుంది. అది అరిగిపోయిందనుకొని పొరపడరాదు, ఆ అచ్చే వేరు. అలాగే నాణెంపై కనిపించే 92 సంవత్సరం కాదు. ముహమ్మద్ అనే పేరుకు అబ్జద్ లెక్కలో వచ్చే మొత్తం అది. సంవత్సరాలు రెండుంటాయి, ఒకటి హిజ్రీ, మరొకటి గద్దెనెక్కిన ఏడు. మహబూబ్ మొదటి ఏడు హిజ్రీ 1285 కనుక, 1321 నాణెంపై 36 గానీ 37 గానీ ఉండాలి. లెక్క కుదరకపోతే రెండోసారి చూడవలసిందే.

యంత్రపు నాణెంలో అసలు దోషాలు వేరు. అచ్చు పగిలితే నాణెంపై గీత ఉబ్బెత్తుగా తేలుతుంది. ఎవరైనా గీకితే గీత పల్లంగా ఉంటుంది. వేలిగోటితో తడిమినా తేడా తెలుస్తుంది. బిళ్ల పక్కకు జరిగితే ఒకవైపు నెలవంకలా ఖాళీ మిగులుతుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోతే, తరువాతి బిళ్లకు ఒకవైపు సరైన ముద్ర, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి నొక్కుకుపోయి వస్తుంది. సేకరణదారులు కోరేది ఇలాంటివే. ఒంటిమీద సన్నని గుంతలు, అంచున అతుకు గీత ఉంటే అది పోతపోసిన నకిలీ కావచ్చు. దండకు గుచ్చేందుకు కొక్కెం అతికించిన మచ్చ ఉన్నా విలువ తగ్గుతుంది. చింతపండుతో తోమితే మరీ నష్టం! తళతళ మెరిసే పాత రూపాయికి వెండి ధరే మిగులుతుంది.

మహబూబ్ వేటలో దిట్ట. పాముకాటు తగిలినవారు ఆయన పేరు తలచుకుంటే బతుకుతారని జనం నమ్మేవారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరం కొట్టుకుపోయినప్పుడు నిరాశ్రయులకు రాజభవనాల తలుపులు తెరిపించారు. 1911 ఆగస్టు 29న, 45 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సమాధి మక్కా మసీదులో ఉన్నది.

ఆయన రూపాయి హాలీ సిక్కాగా మరో తరం చలామణీ అయింది. నూరు ఇంగ్లీషు రూపాయలకు నూటపదహారు హాలీలకు పైగా ఇవ్వవలసి వచ్చేది. 1959లో హాలీ చెల్లుబాటు ఆగిపోయింది. టంకశాల 1997లో చర్లపల్లికి తరలిపోయింది. సైఫాబాదులోని పాత భవనంలో 2022 జూన్‌లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు.