ఆశ్వికవీరుడు మ్యూరా

నెపోలియన్ పేరు వినని విద్యార్థి మన పాఠశాలలలో నుండడు. కాని యాతని విజయములలో పెక్కింటికి తోడ్పడి, ఆతని చెల్లెలిని పరిణయమాడి, ఒక రాజ్యమునకే రాజైన జోవాకిం మ్యూరా చరిత్ర నెరిగినవారు తక్కువ. మతాచార్యుడు కావలసిన బాలుడు సేనాని యగుట, సేనాని రాజగుట, ఆ రాజు తాను చేసిన శాసనముచేతనే మరణదండన పొందుట, ఇవన్నియు 48 ఏండ్ల జీవితమున జరిగినవి.

నైరుతి ఫ్రాన్సులోని లా బాస్తీద్ అను పల్లెలో 1767 మార్చి 25న మ్యూరా జన్మించెను. తండ్రి పూటకూళ్ల యిల్లు నడుపుచుండెను. కడగొట్టు బిడ్డను చర్చి సేవకు అర్పింపదలచి, తలిదండ్రులు వానిని మొదట కహోర్ పట్టణమునకును, పిమ్మట తులూజ్‌లోని సెమినరీకిని పంపిరి. 1787లో ఒక ఆశ్వికదళము తులూజ్ మీదుగా పోవుచుండగా, ఆ యువకుడు గ్రంథములు విడిచి అందులో చేరెను. తలిదండ్రుల యాశ అంతటితో అడుగంటెను. రెండేండ్లకే సైన్యము విడువవలసివచ్చి, కొంతకాలము అంగడిలో గుమాస్తాగా పనిచేసి, 1791లో మరల దళమున ప్రవేశించెను.

ఆనాటి ఫ్రాన్సులో 1781 నాటి యుత్తరువు ననుసరించి, నాలుగు తరముల కులీనత్వము చూపలేనివానికి సైన్యమున అధికారపదవి లభించుట దుర్లభము. విప్లవము ఆ యడ్డుగోడను కూల్చెను. పూటకూళ్లవాని కుమారునికిని పైకి పోవు దారి యేర్పడెను.

1795 అక్టోబరు 5న పారిస్‌లో తిరుగుబాటు చెలరేగినపుడు, బోనపార్టు ఆజ్ఞపై మ్యూరా రాత్రికి రాత్రి సాబ్లోన్ శిబిరమునకు పోయి 40 ఫిరంగులను నగరమునకు చేర్చెను. నాటినుండి వారిరువురి భాగ్యములును పెనవేసుకొనెను. ఇటలీ దండయాత్ర పిమ్మట ఈజిప్టు దండయాత్ర వచ్చెను. 1799 జూలై 25న అబూకిర్ రణమున దవడకు గాయము తగిలినను, మ్యూరా తురుష్క సేనాని ముస్తఫా పాషాను స్వయముగా బందీచేసెను. 1800లో బోనపార్టు చెల్లెలు కరోలినును వివాహమాడెను. 1804లో మార్షల్ పదవి నందెను. 1807 ఫిబ్రవరి 8న ఐలౌ మంచుమైదానమున ఫ్రెంచి సేన నడుమ భాగము ఛిన్నాభిన్నమైనపుడు, పదివేలకు మించిన గుఱ్ఱపు రౌతులను నడిపి రష్యనులపై విరుచుకుపడి, ఆ సేనను వినాశమునుండి కాపాడెను.

అయితే ఆతని ఖడ్గమునకు మచ్చయు కలదు. 1808 మే 2న మాడ్రిడ్ ప్రజలు తిరుగబడగా, మ్యూరా దానిని నిర్దయగా నణచెను. ఆతని యాజ్ఞపై పౌరులను పట్టి కాల్చి చంపిరి. ఆ ఘోరమును చిత్రకారుడు గోయా 1814లో తన పటములందు శాశ్వతము గావించెను.

ఆ 1808లోనే నెపోలియన్ ఆతనిని నేపుల్సు రాజుగా నియమించెను. తురాయిలు, జరీ దుస్తులు మెచ్చు ఈ రాజును చూచి నవ్వినవారు కలరు. కాని పరిపాలనమున నాతడు వట్టి వేషధారి కాడు. 1806లో అన్నరాజు జోసెఫ్ రద్దుచేసిన జమీందారీ హక్కుల వివాదములను ఆతని కాలమున న్యాయసంఘము తీర్చెను. 1809లో నూతన పౌరస్మృతి అమలులోనికి వచ్చెను. రోడ్లకు, వంతెనలకు ప్రత్యేక యింజనీర్ల శాఖను, 1811లో వారికొక విద్యాలయమును స్థాపించెను. నేపుల్సు విశ్వవిద్యాలయపు యింజనీరింగు విద్యకు అదియే మూలము.

రణరంగమున క్షణములో నిర్ణయింపగల యీ వీరుడు రాజనీతిలో మాత్రము నిలకడ చూపలేకపోయెను. 1812లో రష్యానుండి మరలుచున్న సేనను నెపోలియన్ ఆతని కప్పగించి పోగా, కొలది వారములకే దానిని యూజీన్ చేతిలో పెట్టి నేపుల్సు చేరెను. సింహాసనము నిలుపుకొనుటకై 1814 జనవరిలో ఆస్ట్రియాతో సంధిచేసికొనెను. మరుసటి యేడు ఆ ఆస్ట్రియాపైననే కత్తి దూసెను. ఇటాలియనులందరు ఏకము కావలెనని 1815 మార్చి 30న రిమినీనుండి ప్రకటించెను గాని, మే నెలలో తొలెంతీనో వద్ద ఓడి రాజ్యము పోగొట్టుకొనెను. ఫ్రాన్సునకు పోయి సేవచేయ గోరినను నెపోలియన్ అంగీకరింపలేదు. వాటర్లూ రణమున ఆ మహారౌతు లేడు.

పోయిన రాజ్యము మరల గెలువవచ్చునను భ్రమతో, 1815 అక్టోబరు 8న కొద్దిమంది అనుచరులతో పిజ్జో తీరమున దిగెను. ప్రజలు జయజయధ్వానములు చేయలేదు సరికదా, పట్టి కోటలో బంధించిరి. తన కాలమున తాను చేసిన శాసనము క్రిందనే సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. ఆతడు భార్యకును నలుగురు బిడ్డలకును తుది లేఖ వ్రాసెను. ఆ యూరి మతాచార్యుడు వచ్చి అంత్యసంస్కారము నిర్వర్తించెను. ఇరువదియెనిమిదేండ్ల క్రిందట విడిచిన చర్చి ఈ విధముగా ఆతనిని తుదిఘడియలో మరల చేరదీసెను. అక్టోబరు 13న కన్నులకు గంతలు వలదని, నిలుచుండి, కాల్చు ఆజ్ఞను తానే యిచ్చెను. రాజుగా నున్నపుడు తాను ధనసహాయము చేసిన పిజ్జో చర్చిలోనే ఆతనిని పాతిపెట్టిరి.

ధైర్యము మహాగుణమే. అది రౌతును రాజును చేయగలదు. కాని రాజ్యమును నిలుపుటకు మాటనిలుకడయు, ముందుచూపును వలయును. మ్యూరా గెలిచిన రణములు నేడు చరిత్రపుటలకే పరిమితములు. దక్షిణ ఇటలీలో ఆతడు నాటిన విద్యయు, న్యాయమును మాత్రము ఆతనికంటె చిరకాలము జీవించినవి.