జైలుకైనా సిద్ధపడ్డ రుఖ్మాబాయి

1887 మార్చిలో బొంబాయి హైకోర్టులో జస్టిస్ ఫారన్ తీర్పు చెప్పారు. రుఖ్మాబాయి భర్త దగ్గరికెళ్లి కాపురం చేయాలి, లేదంటే ఆరు నెలల జైలు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. కాపురానికి పోయే ప్రసక్తే లేదు, జైలుకే పోతానన్నారు.

రుఖ్మాబాయి 1864లో బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి జయంతీబాయి డాక్టర్ సఖారాం అర్జున్‌ను మళ్లీ పెళ్లాడారు. పదకొండేళ్లకే రుఖ్మాబాయికి దాదాజీ భికాజీతో పెళ్లి చేసేశారు. అయితే ఆమె అత్తారింటికి పోలేదు. సవతి తండ్రి ఇంట్లోనే ఉండి చదువుకున్నారు. 1884లో దాదాజీ కోర్టుకెక్కాడు, భార్యను కాపురానికి పంపించాలని.

ఈ రకం దావా ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి మన దేశానికి వచ్చింది. 1867లో షంసున్నిసా బేగం కేసులో ప్రివీ కౌన్సిల్, ముస్లిం భర్త కూడా ఇలాంటి దావా వేయొచ్చని తేల్చింది. హిందువైనా ముస్లిమైనా ఆడమనిషికి అదే చిక్కు.

1885లో ఈ కేసు మొదట విన్న జస్టిస్ పిన్హే దావా కొట్టేశారు. ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్లి, ఒక్కరోజు కూడా కలిసి బతకలేదు, పెద్దయ్యాక ఇష్టంలేని ఇంటికి బలవంతంగా పంపడం అన్యాయమన్నది ఆయన లెక్క. మరుసటి ఏడాది అప్పీలులో అది తిరగబడింది. పెళ్లి చెల్లుతుందా లేదా అన్నదొక్కటే పెద్ద జడ్జీలు చూశారు. ఆమె ఇష్టం లెక్కలోకే రాలేదు. కేసు కిందికి తిరిగొచ్చింది, జస్టిస్ ఫారన్ ఆ జైలు తీర్పు ఇచ్చారు.

చివరికి ఆమె జైలుకు పోలేదు. 1888లో రెండువేల రూపాయలకు దాదాజీ రాజీపడ్డాడు. మరుసటి ఏడాది ఆమె లండన్ వెళ్లి వైద్యం చదివారు. 1894లో డాక్టరై తిరిగొచ్చి, సూరత్, రాజ్‌కోట్ ఆడవాళ్ల ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. 1955లో కన్నుమూశారు.

ఆ దావా మాత్రం ఆమెతో పోలేదు. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టంలోని ఈ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. పిన్హే తీర్పుకు పట్టిన గతే దీనికీ పట్టింది.

ఇప్పుడు స్త్రీవాద న్యాయ పండితులు పాత తీర్పుల్ని మళ్లీ రాస్తున్నారు. అవే వాస్తవాలు, ఆనాటి చట్టమే. ఆడమనిషి వైపు నుంచి చూస్తే తీర్పు ఎలా ఉండేదని అడుగుతున్నారు. ఇది ఉత్త ఊహ అనేవాళ్లకు రుఖ్మాబాయి కేసే జవాబు. అదే కేసును పిన్హే ఒకలా చూశారు, ఫారన్ ఒకలా తేల్చారు. మధ్యలో మారింది ఆమె ఇష్టాన్ని అడిగారా లేదా అన్నదే.