కాశీయాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య

భారతీయుల జీవనవిధానంలో తీర్థయాత్రకు విశిష్టమైన స్థానం ఉంది. ఆసేతుశీతాచలం వ్యాపించిన పుణ్యక్షేత్రాలు వివిధ భాషల ప్రజలను ఒక్క సూత్రంతో బంధించాయి. వాటిలో ప్రయాగ, కాశి, గయ అనే మూడు క్షేత్రాలను పెద్దలు త్రిస్థలి అని వ్యవహరించారు. ప్రయాగలో త్రివేణీ స్నానం, కాశిలో విశ్వేశ్వర దర్శనం, గయలో పితృశ్రాద్ధం జరిగితే గాని గృహస్థు జన్మ సార్థకం కాదని తెలుగువారి విశ్వాసం. శ్రీనాథ మహాకవి రచించిన కాశీఖండము ద్వారా ఆ నగర మహిమ తెలుగు పండితులకు సుపరిచితమే. అయితే మహిమ తెలిసినంత మాత్రాన మార్గం తెలియదు. రైళ్లు లేని ఆ రోజులలో కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని జనం చెప్పుకొనేవారు. అటువంటి కాలంలో నూరుమంది పరివారంతో బయలుదేరి కాశీయాత్ర చేసి, ఆ దారిని అక్షరబద్ధం చేసి తరువాతి తరాలకు అందించిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య.

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో చెన్నపట్టణంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తొమ్మిదేళ్ల ప్రాయంలోనే తండ్రి మరణించారు. ఆడుకోవలసిన వయసులో సంసారభారం మీద పడింది. ఆ బాలునికి విద్యయే ఆస్తి. తెలుగు మాతృభాష, తమిళం ఊరి భాష, ఇంగ్లీషు ఏలినవారి భాష. ఈ మూడింటిలోనూ ఆయన చక్కని పాండిత్యం సంపాదించారు. చిన్న వయసులోనే కుంఫిణీ వారి కచ్చేరీలలో ప్రవేశించి, స్వశక్తితో ఒక్కొక్క మెట్టే ఎక్కి, చివరకు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవిని అధిష్ఠించారు. ఆనాడు భారతీయులకు లభించే గౌరవప్రదమైన ఉద్యోగాలలో అది ఒకటి.

దుబాసీ వృత్తి పైకి సులభంగా కనిపించినా చాలా బాధ్యతతో కూడినది. న్యాయమూర్తులు ఆంగ్లేయులు. వారికి దేశభాషలు రావు. న్యాయస్థానానికి వచ్చే వాది ప్రతివాదులకు, సాక్షులకు ఇంగ్లీషు రాదు. వీరిద్దరి నడుమ నిలిచి మాటను మాటగా అందించేవాడు దుబాసీ. అతడు ఒక్క మాట చేర్చినా, ఒక్క మాట విడిచినా నిరపరాధికి శిక్ష పడవచ్చు, అపరాధి తప్పించుకోవచ్చు. విన్నదాన్ని విన్నట్లు చెప్పడమే ఆ వృత్తికి ధర్మం. ఈ ధర్మాన్ని వీరాస్వామయ్య న్యాయస్థానానికే పరిమితం చేయలేదు. ఆయన యాత్రకు, ఆ యాత్ర నుంచి పుట్టిన గ్రంథానికి కూడా ఇదే ప్రాణమయింది.

యాభై ఏళ్ల వయసులో ఆయన కాశీయాత్ర సంకల్పించారు. ఉద్యోగానికి సెలవు తీసుకొని 1830 మే 18వ తేదీన చెన్నపట్టణం విడిచారు. కుటుంబంలోని వారు, బంధుమిత్రులు, పరిచారకులు, పల్లకీలు మోసే బోయీలు, బంట్రోతులు అందరూ కలిసి ఇంచుమించు నూరుమంది. వారందరి క్షేమానికి బాధ్యత ఆయనదే. నూరుమందికి ప్రతి మజిలీలోనూ బియ్యం, పప్పు, కట్టెలు దొరకాలి. మంచినీరు ఉండాలి. రాత్రి తలదాచుకోవడానికి సత్రమో, చెట్టునీడో, డేరాలు వేయడానికి మెరక నేలో కావాలి. దొంగల భయం లేని దారి చూసుకోవాలి. ఒక పూట అంచనా తప్పినా ఆ రాత్రి నూరుమంది పస్తు ఉండవలసిందే.

అప్పటి దేశపరిస్థితి కూడా తెలుసుకోదగినది. కొంత భాగం కుంఫిణీ పాలనలో, కొంత భాగం నవాబుల, రాజుల ఏలుబడిలో ఉండేది. హైదరాబాదు నిజాముది, కందనూరు నవాబుది, నాగపూరు భోంస్లే వంశానిది. సీమ మారితే సుంకం మారుతుంది, కొలత మారుతుంది, నాణెం మారుతుంది. కుంఫిణీ ప్రభుత్వం తన ప్రాంతాలన్నింటికీ ఒకే విధమైన రూపాయిని ప్రవేశపెట్టింది 1835లో. అంతకు ముందు ఒక ఊరి రూపాయి మరొక ఊరిలో అదే విలువకు చెల్లేది కాదు. షరాబు వద్దకు పోయి వట్టం ఇచ్చి మార్చుకోవలసి వచ్చేది. ఈ వివరాలు తెలియని యాత్రికుడు దారిలోనే సగం ధనాన్ని పోగొట్టుకొనేవాడు. ఉత్తర దక్షిణాలను కలిపే బాటలలో యాత్రికులతో స్నేహం నటించి, నమ్మించి, గొంతుకు ఉరి బిగించి చంపే థగ్గుల ముఠాలు కూడా ఆ కాలంలో సంచరించేవి.

ఇన్ని అపాయాల నడుమ వీరాస్వామయ్య తమ పరివారాన్ని నడిపించారు. మొదట తిరుపతి వేంకటేశ్వరుని సేవించి, కడప సీమ మీదుగా అహోబిలం చేరారు. అక్కడి నుంచి నల్లమల అడవులు దాటి శ్రీశైల మల్లికార్జునుని దర్శించారు. అప్పుడు శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల వద్ద పన్ను వసూలు అవుతున్నా ఆలయ సంరక్షణ జరగకపోవడం ఆయనకు ఆవేదన కలిగించింది. తరువాత కృష్ణానదిని దాటి హైదరాబాదు చేరారు. అక్కడి నుంచి గోదావరి దాటి, నిర్మల మీదుగా నాగపూరు, జబల్పూరు మార్గంలో ఉత్తరదిశగా సాగారు. నేడు హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే జాతీయ రహదారి కూడా నిర్మల మీదుగానే పోతుంది.

వేసవిలో మొదలైన యాత్రకు వర్షకాలం దారిలోనే ఎదురయింది. నల్లరేగడి నేలలు బురదమయమై బోయీల కాళ్లు దిగబడేవి. వాగులు పొంగినప్పుడు ప్రవాహం తీసేదాకా ఒడ్డున నిరీక్షించవలసి వచ్చేది. గోదావరి, నర్మద వంటి మహానదులపై వంతెనలు లేవు. సామానునూ జనాన్నీ విడతలు విడతలుగా దాటించవలసి వచ్చేది. అటువంటి దినాలలో కూడా ఆయన ఒక నియమాన్ని విడువలేదు. మజిలీ చేరిన తరువాత ఆనాటి విశేషాలను వ్రాసుకొనేవారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరం, దారి ఇసుకదా, రాతిదా, అడవిదా, ఊరిలో అంగళ్లు ఎన్ని, ఏ వస్తువులు దొరుకుతాయి, నీరు బావిదా, చెరువుదా, దిగడానికి ఎక్కడ వసతి ఉంది అనే సంగతులన్నీ ఆ వ్రాతలో చేరేవి. ఆ వ్రాతలను చెన్నపట్టణంలోని ప్రియమిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ ఉండేవారు.

ప్రయాగలో గంగా యమునల సంగమాన్ని సేవించి ఆయన కాశి చేరారు. గంగ ఒడ్డున అర్ధచంద్రాకారంగా వెలసిన ఘట్టాలు, ఇరుకైన వీథులు, నానాదేశాల నుంచి వచ్చి స్థిరపడిన జనం, విద్యార్థులు, సన్యాసులు అందరూ ఆయన దృష్టిని ఆకర్షించారు. భక్తితో వెళ్లినా ఆయన కళ్లు మూసుకొని వెళ్లలేదు. క్షేత్రమాహాత్మ్యాన్ని ఎంత శ్రద్ధతో వ్రాశారో, తీర్థపురోహితులు యాత్రికుల వద్ద ద్రవ్యం రాబట్టే తీరును కూడా అంతే నిష్పక్షపాతంగా వ్రాశారు. ప్రయాగ, గయ, పురీ జగన్నాథం వంటి క్షేత్రాలలో కుంఫిణీ ప్రభుత్వం యాత్రికుల మీద పన్ను వేసేది. 1840లో చట్టం ద్వారా ఆ పన్ను రద్దయింది. భగవంతుని దర్శనానికి కూడా రుసుము చెల్లించిన ఆ రోజుల స్థితి ఆయన గ్రంథం వల్ల మనకు బోధపడుతుంది.

తరువాత ఆయన గంగలో పడవలపై పాటలీపుత్రమని పూర్వం పేరొందిన పట్నా చేరి, గయకు వెళ్లారు. విష్ణుపాదం, ఫల్గునీ నదీతీరం, అక్షయవటం గయలో శ్రాద్ధానికి ముఖ్యమైన స్థానాలు. తొమ్మిదేళ్ల ప్రాయంలో తండ్రిని కోల్పోయిన కుమారుడు యాభై ఏళ్లు దాటే వయసులో, ఇన్ని నదులూ అడవులూ దాటి వచ్చి, పితృదేవతలకు పిండప్రదానం చేశారు. దూరదేశం నుంచి వచ్చే గృహస్థునికి గయాశ్రాద్ధమే యాత్రాఫలం. ఆ రోజులలో ఎందరో ఆ ఫలాన్ని ఆశించి బయలుదేరి, మార్గమధ్యంలోనే రోగాలకో దొంగలకో బలి అయ్యేవారు.

గయ నుంచి వంగదేశంలో ప్రవేశించి, అప్పటికి ఆంగ్లేయుల రాజధానిగా వెలుగుతున్న కలకత్తా నగరాన్ని చూశారు. అక్కడి నుంచి ఉత్కళ దేశంలో పురీ జగన్నాథుని సేవించి, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం, నెల్లూరుల మీదుగా సముద్రతీర మార్గంలో 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణం తిరిగి వచ్చారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ మహాయాత్ర అలా సుఖాంతమయింది. ఆయన చూసివచ్చిన తెలుగు తీరసీమలో ఆ మరుసటి సంవత్సరమే, అంటే 1832లో, నందన కరువు మొదలై గుంటూరు ప్రాంతంలో అసంఖ్యాకులను బలిగొన్నది. ఆ కరువుకు ముందు మన పల్లెలు ఎలా ఉండేవో తెలిపే ఆధారాలలో వీరాస్వామయ్య వ్రాత అమూల్యమైనది.

ఆయన ఆచారాన్ని పాటించిన సంప్రదాయవాది. అయినా సంకుచితుడు కాడు. శైవ వైష్ణవ భేదాలను, ప్రాంతానికొక విధంగా మారే ఆచారాలను చూసినకొద్దీ, పేర్లు ఎన్ని ఉన్నా పరమేశ్వరుడు ఒక్కడేనన్న భావం ఆయనలో దృఢపడింది. తమ దేశాచారమే శ్రేష్ఠమని, ఇతరులది హీనమని భావించకుండా, ఒక్కొక్క ఆచారానికి ఆ సీమలోని నీటిలో, గాలిలో, పంటలో కారణం వెదికారు. కుంఫిణీ కొలువులో ఉన్నవాడు కావడం వల్ల ఆంగ్లేయ పాలన మీద ఆయనకు ఆదరం ఎక్కువ. ఆ పాలన వల్ల దేశానికి కలిగిన నష్టాన్ని ఆయన పూర్తిగా గ్రహించలేదని నేటి పాఠకులకు అనిపించవచ్చు. అయినా తాను చూసినదాన్ని దాచకుండా వ్రాసినందువల్ల, ఆయన అభిప్రాయంతో ఏకీభవించని చరిత్రకారులకు సైతం ఆ గ్రంథం ఉపకరిస్తున్నది.

వీరాస్వామయ్య వాడిన భాషను గురించి కూడా చెప్పుకోవాలి. ఆ కాలంలో గ్రంథం అంటే పద్యమో, గ్రాంథిక వచనమో కావాలని పండితుల నియమం. ఆయన ఆ నియమానికి లోబడక, చెన్నపట్టణపు తెలుగువారు నిత్యం మాట్లాడుకొనే భాషలోనే వ్రాశారు. తమిళ, ఉర్దూ, ఇంగ్లీషు పదాలు వ్యవహారంలో ఎలా ఉన్నాయో అలాగే వాడుకొన్నారు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం ఉద్యమించడానికి ఇంచుమించు ఎనభై ఏళ్ల ముందే ఇంత విస్తృతమైన వచనరచన వాడుకభాషలో వెలువడటం ఆశ్చర్యకరం. మాట నేరుగా చేరాలన్నదే దుబాసీ ధ్యేయం. ఎవరికోసం వ్రాస్తున్నాడో వారికి అర్థమయ్యే భాషనే ఆయన ఎన్నుకొన్నారు.

వీరాస్వామయ్య 1836 అక్టోబరు 3వ తేదీన స్వర్గస్థులయ్యారు. తమ వ్రాత గ్రంథరూపం దాల్చడాన్ని ఆయన చూడలేదు. మిత్రుని శ్రమ మట్టిలో కలిసిపోకూడదని భావించిన శ్రీనివాసపిళ్ల 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో దాన్ని ముద్రింపించారు. తెలుగు యాత్రాసాహిత్యానికి అది ఆదిగ్రంథమని విమర్శకులు కీర్తించారు. శతాబ్దం గడిచిన తరువాత, 1941లో, చరిత్ర పరిశోధకులు దిగవల్లి వేంకటశివరావు వివరణలతో దాన్ని పునర్ముద్రింపించి మరొకమారు లోకానికి పరిచయం చేశారు.

నేడు చెన్నై నుంచి కాశికి రైలులో రెండు రోజులలోపే చేరవచ్చు. వసతి, భోజనం, దర్శనం అన్నీ ముందుగానే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆనాడు ఆ సౌకర్యాలు లేని యాత్రికునికి ముందు నడిచినవాని మాటే ఆధారం. ఎక్కడ నీరు దొరుకుతుందో, ఎక్కడ దారి చెడ్డదో తెలిపే ఒక్క వాక్యం అతని ప్రాణం నిలపగలదు. గంగాస్నానం వల్ల, గయాశ్రాద్ధం వల్ల కలిగే పుణ్యం చేసినవానికి, అతని వంశానికి దక్కుతుంది. అలసిన రాత్రులలో దీపం ముందు కూర్చుని, వెనుక వచ్చేవారి కోసం వ్రాసిన ఆ వ్రాత వల్ల కలిగిన మేలు మాత్రం ముక్కూ మొగమూ తెలియని వేలమందికి దక్కింది. తనకు తెలిసిన దారిని తనవద్దనే ఉంచుకోకపోవడం వీరాస్వామయ్య జీవితం మనకు అందించే సందేశం.